టీపాయి మీద నాలుగో కప్పు

మనం రోజూ వాడే మాటల్లో కొన్ని వేషం మార్చుకొని తిరుగుతుంటాయి. టీపాయి అట్లాంటిదే. టీ తాగడానికి వేసుకునే బల్ల కాబట్టి టీపాయి అయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో టీ లేదు. అది మన తిపాయీ. తీన్ అంటే మూడు, పాయ్ అంటే ఫార్సీలో కాలు. మూడు కాళ్లది తిపాయి, నాలుగు కాళ్లది చార్‌పాయి. పొద్దున్నే నాన్‌తో తినే పాయాలో ఉన్నదీ, ఒంటికి తొడుక్కునే పాజామాలో ఉన్నదీ ఆ కాలే. హిందుస్తాన్‌కు వచ్చిన ఇంగ్లీషువాళ్లు తిపాయిని చూసి, దాని పేరుని తమ స్పెల్లింగులో రాసుకునేటప్పుడు అందులోకి టీని దూర్చారు. అట్లా మన మాటే హ్యాటు పెట్టుకొని మళ్లీ మన ఇంటికే మెహమాన్‌లాగ వచ్చింది. తెలుగులో ముక్కాలిపీట అనేదీ అదే అర్థం.

పేరు సంగతి తేలింది కాబట్టి అసలు మసలాకు వద్దాం. ఇంటి ముందు ఆరడుగుల ఖాళీ ఉంది, అందులో ఒక చిన్న కాఫీ టేబుల్ వేద్దాం, ఏది తీసుకోవాలి, దాన్ని ఎట్లా సజాయించాలి అని ఈమధ్య చాలా ఇళ్లల్లో మాట్లాడుకుంటున్నారు. నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపక్కల మల్లేపల్లిలోనో, రెడ్‌హిల్స్‌లోనో, బజార్‌ఘాట్‌లోనో ఉండేవాళ్లకు ఆ ఆరడుగులే పెద్ద జాయిదాద్. రంగులు, డిజైన్లు ఫోన్ తెరిస్తే వెయ్యి దొరుకుతాయి. నా ఖయాల్‌లో మాత్రం తిపాయి కొనేముందు తేల్చుకోవాల్సిన సవాల్ ఒకటే: అది ఎవరి కప్పు పెట్టడానికి?

ఈ సవాల్ ఎందుకంటే, ఆ ఆరడుగుల ఖాళీ ఒకప్పటి సెహన్‌కు ఆఖరి వారసుడు.

పాత ఇళ్లల్లో గదులన్నీ సెహన్ చుట్టూ ఉండేవి. దర్వాజా దాటి లోపలికొస్తే దాలాన్, దాని ముందు ఆకాశం కనపడే సెహన్, అందులో షాబాద్ ఫర్ష్, ఓ మూల జామచెట్టో దానిమ్మచెట్టో, ఇంకో మూల నీళ్ల హౌజ్. గలీలోంచి చూస్తే గోడ తప్ప ఏమీ కనపడదు. లోపల మాత్రం ఆడవాళ్లకు ఎండ, గాలి, వెన్నెల అన్నీ ఉండేవి. బియ్యం ఏరడం, మిరపకాయలు ఎండబెట్టడం, పిల్లలకు నూనె పట్టించడం, చాలియా కత్తిరించడం, పొరుగింటి ఖాలాతో సాయంత్రందాకా ముచ్చట్లు పెట్టడం అన్నీ అక్కడే. పర్దా పాటించే ఇంట్లో దాదీమాకు తన హఖ్‌గా దక్కిన ఆకాశం ఆ సెహన్.

జాయిదాద్‌లు పంపకాలయ్యాయి. ఒక్క ఇల్లు నాలుగు పోర్షన్లయింది, నాలుగు పోర్షన్లూ కూలి అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. సెహన్‌లో మిగిలింది ఇనుప గ్రిల్ వెనక సిటౌట్. దాని నసీబ్ కూడా చూస్తూనే ఉన్నాం. ఖాళీ గ్యాస్ సిలిండర్, పనిచేయని కూలర్, చెప్పుల స్టాండు, పిల్లల తుక్కు సైకిల్, బకెట్లో పాత పేపర్లు. గాలి రావాల్సిన చోట సామాను కూర్చుంది. సామాను తీస్తే తప్ప మనిషి కూర్చోలేడు.

మగవాళ్లకు దీంతో పెద్ద ఫరఖ్ పడలేదు. ఇల్లు ఇరుకైతే హోటల్ ఉంది. ఆబిడ్స్‌లో 1935 నుంచి గ్రాండ్ హోటల్ ఉంది, నాంపల్లి స్టేషన్ చుట్టూ చాయ్‌ఖానాలున్నాయి. ఇరానీ హోటళ్ల పాలరాతి బల్ల అంటే ఏంటి? అది కూడా ఒక చిన్న తిపాయే. ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, దానిమీద గంటన్నర సియాసత్, క్రికెట్, ఇంటి కిరాయి ముచ్చట్లు. ఎవరూ లెమ్మనరు. అక్కడా ఫ్యామిలీ సెక్షన్లున్నాయి, నిజమే. కానీ ఇంటిపని చేసీ చేసీ ఓ పావుగంట ఊపిరి పీల్చుకోవడానికి ఒక్కతే వెళ్లి ఇరానీ హోటల్లో కూర్చునే అమ్మీని మీరెంతమందిని చూశారు? ఆడవాళ్లకు ఆరుబయట కూర్చోవాలని లేదా అంటే, రాత్రిపూట మోజంజాహీ మార్కెట్‌కు వెళ్లి చూడండి. 1935లో కట్టిన ఆ రాతి కట్టడం ముందు, ఐస్‌క్రీమ్ దుకాణాల దగ్గర కుర్చీలేస్తే బుర్ఖాలు వేసుకున్న ఆపాలు, ఖాలాలు పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని ఎంత సుకూన్‌గా కూర్చుంటారో. కుర్చీ, బల్ల, కాస్త గాలి దొరికితే చాలు, కూర్చుంటారు. రోజూ మోజంజాహీ మార్కెట్‌కు పోలేరు కాబట్టి ఆ కుర్చీ, ఆ బల్ల ఇంట్లోనే ఉండాలంటున్నా.

"ఇంత జాగాలో బల్ల ఎందుకు, చాయ్ చేతిలో పట్టుకొని తాగలేమా" అని కొందరంటారు. తాగొచ్చు. కానీ గమనించండి, బల్ల లేనిచోట కప్పు నేల మీద పెడతాం. పిల్లాడి కాలు తగుల్తుంది, చాయ్ ఒలుకుతుంది, ఫర్ష్ తుడవాల్సింది మళ్లీ అమ్మీయే. రెండుసార్లు అట్లా జరిగితే మూడోసారి అందరూ లోపల టీవీ ముందే తాగుతారు, సిటౌట్‌లోకి మళ్లీ కూలర్ వచ్చి కూర్చుంటుంది. చిన్న తిపాయి ఉన్నచోట మనుషులు కాసేపు నిలుస్తారు. కప్పు పెట్టుకోవడానికి చోటుంటేనే మాట సాగుతుంది.

ఇంకో రకంవాళ్లు దీనికి ఉల్టా. ఫోన్లో చూసిన ఫోటోలాగ ఉండాలని అద్దాల టేబుల్ తెచ్చి, ప్లాస్టిక్ పూలకుండీ, మూడు కొవ్వొత్తులు, ఎవరూ తెరవని రెండు ఇంగ్లీషు పుస్తకాలు పేరుస్తారు. ఇక కప్పు పెట్టడానికి జాగా ఉండదు. ఇదీ సామానే, కాకపోతే అందమైన సామాను. షౌక్ తప్పు కాదు, దిఖావా కోసం ఉన్న జాగా పోగొట్టుకోవడం మాత్రం ఇస్రాఫ్.

ఇప్పుడు కొలతల సంగతి. మన ఇళ్లల్లో సామాను ముందు వస్తుంది, దాన్ని పెట్టే జాగా తర్వాత వెతుకుతాం. తిపాయి విషయంలో ఈ క్రమం తిరగేయాలి.

ముందు కుర్చీలు తేల్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే కింద కూర్చునే ఏర్పాటు వద్దు. పదిహేడు అంగుళాల ఎత్తున్న చేతుల కుర్చీ అయితే చేతుల మీద బలం ఆనించి లేవగలుగుతారు. కుర్చీ ఎత్తుకు సమానంగా, లేదంటే ఒకటి రెండు అంగుళాలు తక్కువగా తిపాయి ఉండాలి. మరీ కిందికి ఉంటే కప్పు కోసం వంగినప్పుడల్లా నడుముకు శిక్ష. గద్దీలు, మస్నద్ పరుచుకొని కింద కూర్చునే అలవాటున్న ఇంట్లో పది పన్నెండు అంగుళాల చౌకీ సరిపోతుంది. హైదరాబాద్ పాత దావత్‌లలో అట్లాంటి పొట్టి చౌకీల చుట్టూనే ఫర్ష్ మీద కూర్చొని తినేవాళ్లు. మనకు కొత్తేం కాదు.

తర్వాత బల్ల ఎంత పెద్దదుండాలి. చాయ్ సాసర్ అడ్డం సుమారు ఆరంగుళాలు. మధ్యలో ఎనిమిది అంగుళాల బిస్కెట్ల ప్లేటు, దాని చుట్టూ నాలుగు సాసర్లు. ఆరు, ఎనిమిది, ఆరు కలిపితే ఇరవై. ఇరవై అంగుళాల గుండ్రటి తిపాయి మీద నలుగురి చాయ్ సరిగ్గా పడుతుంది. కళ్లద్దాలు, తస్బీ, ఫోన్ కూడా పెట్టుకోవాలంటే ఇరవైనాలుగు. అంతకుమించి ఎందుకు? పెద్ద బల్ల ఉంటే ఖాళీ జాగా నింపాలనిపిస్తుంది.

ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న సిటౌట్‌ను మిసాల్‌గా తీసుకుందాం. కుర్చీ లోతు రెండడుగులు. దాని ముందు కాళ్లకు పదహారు అంగుళాలు వదిలి ఇరవై అంగుళాల బల్ల వేస్తే అయిదడుగులు అయిపోయాయి. మిగిలిన అడుగులోంచి ట్రే పట్టుకొని ఎవరు నడుస్తారు? పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చుకొని నడవాల్సిందే. అందుకే సోఫా ముందు సెంటర్ టేబుల్ వేసినట్టు ఇక్కడ వేయొద్దు. పొడుగు గోడకు ఆనించి రెండు కుర్చీలు, రెండింటి మధ్య తిపాయి. మొత్తం కలిపి అయిదడుగుల ఎనిమిదంగుళాలు, ఎనిమిదడుగుల గోడకు ఆరాంగా సరిపోతుంది. ముందు నాలుగడుగులు ఖాళీగా మిగులుతాయి. మిగతా ఇద్దరికి రెండు మోఢాలు తెచ్చి తిపాయికి ఎదురుగా వేసుకుంటే చాయ్ అయ్యాక ఒకదాని మీద ఒకటి మూలకు పెట్టేయొచ్చు.

ఆ నాలుగడుగుల ఖాళీని ఊరికే లెక్కపెట్టలేదు. జానమాజ్ పరుచుకోవడానికి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు కావాలి. ఎండాకాలం మగ్రిబ్‌కు, ఫజర్‌కు బయటి గాలిలో నమాజ్ చేసుకోవడంలో ఉన్న సుకూన్ ఫ్యాన్ కింద రాదు. హైదరాబాద్ నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. మీ సిటౌట్ ఎటు తిరిగి ఉందో చూసుకొని, సజ్దా చేసే దిక్కున బల్ల కాలు రాకుండా ముందే అనుకోండి. రమ్జాన్‌లో ఇఫ్తార్ అక్కడే చేసేవాళ్లు బల్లను ఒక్క చేత్తో జరపగలగాలి. అందుకే బరువు ముఖ్యం.

ఈ లెక్కలన్నీ కాగితం మీద వద్దనుకుంటే ఇంకో సులువైన తరీఖా ఉంది. పాత పేపర్‌ను కావలసిన కొలతకు కత్తిరించి, కుర్చీలు వేసి, నేల మీద పరిచి రెండు రోజులు అట్లాగే ఉంచండి. దర్వాజా తెరిచినప్పుడు తగుల్తుందా, బట్టలారేయడానికి పోయేటప్పుడు దాటాల్సి వస్తుందా, పిల్లలు పరిగెత్తే దారిలో ఉందా తెలిసిపోతుంది. పేపర్ చినిగితే నష్టం లేదు, బల్ల కొన్నాక తెలిస్తే నష్టం. బల్ల మూలల గురించి కూడా అప్పుడే ఆలోచించండి. నడకొచ్చిన పిల్లాడు తూలి పడితే నొసలు ఈ బల్ల మూలకే తగుల్తుంది. ఇరుకు జాగాలో గుండ్రటి బల్లే మేలు.

మూడు కాళ్లకు ఇంకో గుణం ఉంది. సిటౌట్ ఫర్ష్ నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది, పాత షాబాద్ బండలైతే ఎగుడుదిగుడు కూడా. నాలుగు కాళ్ల బల్ల అట్లాంటి నేలమీద ఊగుతుంది, కాలికింద అట్టముక్క పెట్టాల్సి వస్తుంది. మూడు కాళ్లు ఎట్లాంటి నేలమీదైనా కుదురుగా ఆనుతాయి. ఫోటో తీసేవాళ్ల స్టాండుకు మూడు కాళ్లుండేది అందుకే. తిపాయి అని పేరు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలుసు. కాకపోతే మూడు కాళ్లది అంచు మీద గట్టిగా చెయ్యేస్తే ఒరిగే ప్రమాదం ఉంటుంది. కాళ్లు పైన దగ్గరగా ఉండి కింద బాగా చాచి ఉన్నది చూసి తీసుకోండి.

ఇక దేనితో చేసింది తీసుకోవాలి. హైదరాబాద్‌లో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, జూన్ నుంచి సెప్టెంబర్‌దాకా వాన జల్లు గ్రిల్‌లోంచి లోపలికి కొడుతుంది. ఈ రెండింటికీ తట్టుకోవాలి.

రంపపు పొట్టు కుదించి, పైన చెక్కలాగ కనపడే కాగితం అంటించిన బల్లలు చౌకగా ఉంటాయి, చూడ్డానికి నున్నగా ఉంటాయి. అంచులోంచి ఒక్కసారి నీళ్లు దిగితే ఉబ్బుతాయి, మళ్లీ మామూలుగా అవవు. అవి లోపలి గదులకే. అద్దం పలక ఎండకు కాలుతుంది, దుమ్ము వెంటనే కనపడుతుంది, పిల్లలున్న ఇంట్లో ఎప్పుడూ భయమే. పాలరాయి అందమే కానీ నిమ్మకాయ దానికి దుష్మన్. సులేమానీ చాయ్‌లో పిండే నిమ్మరసం చుక్క పడితే నిగనిగలాడే పాలరాయి మీద తెల్లటి మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయే తినుకుపోవడం. తుడిస్తే పోదు. షాబాద్, తాండూర్ బండలు కూడా సున్నపురాయే కాబట్టి వాటికీ అదే బాధ.

బండ పలక గురించి ఇంకో లెక్క. ఇంటి ఫర్ష్ వేయగా మిగిలిన బండను ఇనుప స్టాండు మీద పెట్టించి బల్ల చేసుకోవడం మనవాళ్లకు అలవాటు. పారేయకుండా వాడటం బాగానే ఉంది. కానీ రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ సుమారు ఇరవైనాలుగు కిలోలు తూగుతుంది. అమ్మీ దాన్ని జరిపి ఊడవగలుగుతుందా? జరపలేకపోతే దాని కింద దుమ్ము, దోమలు. అట్లా చేయించుకోవాలంటే అడుగున్నర గుండ్రటి సన్న పలక చాలు.

నా పసంద్ అడిగితే రెండు చెప్తా. ఒకటి, టేకు లేదా షీషం చెక్క తిపాయి. ఏడాదికోసారి వానలకు ముందు పాలిష్ పట్టించి, జల్లు నేరుగా పడని మూలలో పెడితే పిల్లల పిల్లలదాకా ఉంటుంది. రెండోది, మడిచే స్టాండు మీద అంచున్న గుండ్రటి పళ్లెం. పళ్లెంలోనే చాయ్ తెచ్చి స్టాండు మీద పెట్టేస్తే అదే బల్ల. అయ్యాక పళ్లెం వంటింటికి, స్టాండు గోడకు. జానమాజ్ పరుచుకునే ఇంటికి ఇంతకన్నా సహూలత్ ఇంకేం కావాలి? పూర్తిగా వాన పడేచోటైతే గల్వనైజ్ చేసి రంగు వేసిన ఇనుపది తీసుకోండి, కాళ్ల కింద రబ్బరు టోపీలు వేయించండి. లేకపోతే ఫర్ష్ మీద తుప్పు వలయాలు పడతాయి.

ఎక్కడ కొనాలి? దుకాణాల్లో తిరగడం ఆబిడ్స్ రక్తంలోనే ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ పెట్టిన దుకాణం పేరే మొత్తం ఇలాఖాకు పేరయింది. నాంపల్లిలో నుమాయిష్ ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో, మన బాగే ఆమ్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న మైదానానికి వచ్చింది. జనవరి ఒకటి నుంచి నెలన్నరపాటు సహారన్‌పూర్ నగిషీ చెక్కపని, కశ్మీరీ అఖ్రోట్ చెక్కపని ఒక్కచోట చూడొచ్చు. ఆఖరి రోజుల్లో బేరం బాగా కుదురుతుందని తెలియని ఖాలా మన ఖాందాన్లలో ఉండదు. కానీ నగిషీ మరీ లోతుగా ఉన్న పలక తీసుకోకండి. కప్పు సమంగా నిలవదు, పూల సందుల్లో చక్కెర, చీమలు. నగిషీ అంచుకు, కాళ్లకు ఉంటే చాలు. షౌక్ ఉన్నవాళ్లు గురువారం జుమేరాత్ బజార్‌లో పాత సామాను కూడా చూడండి. పాత టేకు బల్ల కాళ్లు కోయించి తిపాయి చేయించుకుంటే కొత్త చెక్క కన్నా గట్టిగా ఉంటుంది.

ఎక్కడ కొన్నా మూడు పనులు చేయండి. బల్లను తలకిందులుగా తిప్పి చూడండి. కాలు పలకలోకి దిగి ఉందా, లేక పైపైన మేకులు కొట్టారా తెలుస్తుంది. అంచు పట్టుకొని ఊపండి. చివరగా, ఇంట్లో దాన్ని జరపాల్సిన మనిషి చేతికిచ్చి ఎత్తమనండి. దుకాణానికి మగవాళ్లు మాత్రమే పోయి కొనుక్కొస్తే ఈ మూడో పరీక్ష జరగదు.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. మన ఇళ్లల్లో ఎక్కువ ఫర్నిచర్ కొనుక్కున్నది కాదు, జహేజ్‌లో వచ్చింది. 1961 నుంచి కట్నం మీద చట్టం ఉంది, అయినా నికాహ్‌కు ముందు మినీ ట్రక్కులో సోఫా సెట్, డ్రెస్సింగ్ టేబుల్, వాటితోపాటు నాలుగడుగుల అద్దాల సెంటర్ టేబుల్ దిగుతూనే ఉన్నాయి. అమ్మాయి అబ్బా అప్పు చేసి కొన్న ఆ బల్లకు అబ్బాయి ఇంట్లో జాగా ఉండదు. ఆరు నెలలకు అది సిటౌట్‌లో, ఇస్త్రీ బట్టల కింద. కొన్నాళ్లకు అద్దం పగుల్తుంది. అప్పు మాత్రం అబ్బాకు మిగులుతుంది. ఎంత జాగా ఉందో కూడా చూడకుండా ఇంకొకరి జేబుతో ఇల్లు నింపుకోవడం కన్నా, పెళ్లయ్యాక మియా బీవీ ఇద్దరూ వెళ్లి తమ ఆరడుగులకు సరిపోయే తిపాయి తమ డబ్బుతో తెచ్చుకుంటే అందులో బరకత్ ఉంటుంది. కొత్త దుల్హన్‌కు ఆ ఇంట్లో తను ఎంచుకున్న మొదటి వస్తువు అదే అవుతుంది.

సజావట్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే సలీఖా అంటే సగం ఖాళీగా వదలడమే. బల్ల మీద శాశ్వతంగా ఒక్క వస్తువు ఉండనివ్వండి. చిన్న మల్లె కుండీ అయితే సాయంత్రానికి వాసన, పుదీనా కుండీ అయితే చాయ్‌లోకి నాలుగు ఆకులు. కుండీ కింద సాసర్‌లో నీళ్లు నిలవనీయకండి. డెంగీ దోమ అట్లాంటి శుభ్రమైన నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. బల్లగుడ్డ వేయాలనుంటే పాత దస్తర్‌ఖాన్ ముక్కకు నాలుగు మూలలా పూసలు కుట్టండి, గాలికి లేవదు. నానీమా ఇచ్చిన బిద్రీ ఖాస్‌దాన్, పాన్‌దాన్ ఇక్కడ పెట్టకండి. ఎండకు, తేమకు దాని నలుపు, వెండి తీగ రెండూ మసకబారతాయి. దాన్ని లోపల అల్మారాలో ఉంచి మెహమాన్లు వచ్చినప్పుడు తీయండి.

ఇంకోటి, అదబ్‌కు సంబంధించింది. ఈమధ్య ఆయతులు ముద్రించిన ట్రేలు, బల్ల పలకలు కూడా అమ్ముతున్నారు. అల్లా పేరు మీద చాయ్ కప్పు పెట్టి, చెంచా పెట్టి, ఒలికింది గుడ్డతో తుడుస్తామా? అవి గోడ మీద, కళ్లకు ఎత్తులో ఉంటే అందం. బల్ల మీద బేల్‌బూటా చాలు.

బయటివాళ్ల చూపు పడుతుందని కూర్చోనివాళ్లకు చిక్ ఉంది కదా. వెదురు చిక్‌ను గ్రిల్ కింది భాగానికి, కూర్చున్న మనిషి తల ఎత్తుదాకా కడితే చాలు. గాలి వస్తుంది, ఆకాశం కనపడుతుంది, ఎదురింటి కిటికీ కనపడదు. పెద్ద గోడ కట్టి దాదాలు చేసిన పనిని ఇప్పుడు ఆ చిక్ చేస్తుంది.

ఇదంతా చేశాక కూడా ఒక పని మిగులుతుంది. అది డబ్బుతో అయ్యేది కాదు. అసర్ తర్వాత మన ఇళ్లల్లో జరిగేది ఇదే: అబ్బా కూర్చుంటాడు, బేటా కూర్చుంటాడు, వచ్చిన మెహమాన్ కూర్చుంటాడు. అమ్మీ ట్రేలో చాయ్ తెచ్చి, పెట్టి, లోపలికి వెళ్తుంది. ఆమె చాయ్ వంటింటి గట్టు మీద చల్లారుతుంది, నిలబడే తాగుతుంది. ఎంత మంచి షీషం తిపాయి కొన్నా ఈ తరీఖా మారకపోతే మనం వరండాలో ఇంకో ఇరానీ హోటల్ తెరిచినట్టే, అమ్మీ అందులో వెయిటర్. పరాయి మెహమాన్ ఉన్నప్పటి పర్దా సంగతి నేను మాట్లాడట్లేదు. ఇంట్లోవాళ్లం మాత్రమే ఉన్న మిగతా రోజుల సంగతి మాట్లాడుతున్నా.

అందుకే ఇరవై అంగుళాల లెక్క చెప్పేటప్పుడు నాలుగు సాసర్లు అన్నాను. ఇంట్లో నలుగురుంటే బల్ల మీద నాలుగు కప్పులు పట్టాలి, నాలుగు కప్పులు రావాలి. రోజూ కాకపోతే వారానికి నాలుగు రోజులు చాయ్ బేటా పెట్టుకొస్తాడు. అమ్మీ ముందే కుర్చీలో కూర్చొని ఉంటుంది. కొనే ముందు పేపర్ కత్తిరించి పరిచినప్పుడు దానిమీద నిజంగానే నాలుగు కప్పులు పెట్టి చూడండి.